పమిటచెంగు చాటు పిస్తోలు

మన నవలా నాయిక హ్యాండ్‌బ్యాగులో ఏమేం వుంటాయో చదివేవాళ్ళకి కంఠతా వచ్చు. లేసు అంచు చేతిరుమాలు, చిన్న అద్దం, అతను రాసిన ఉత్తరం, లేదా అతను రాయని ఉత్తరానికి ఈమె రాసుకున్న జవాబు. అదే సస్పెన్స్ సీరియల్ అయితే వీటన్నిటి అడుగునా నల్లగా మెరుస్తూ ఒక చిన్న పిస్తోలు కూడా వుంటుంది. పేజీ మొదట్లో అది పిస్తోలు. పేజీ చివరికి రివాల్వర్ అయిపోతుంది. పై వారం సంచికలో ఒట్టి 'గన్'. ఇంతకీ ఆ పిల్ల చేతిలో వున్నదేమిటో రచయితకే తెలీదని మనకి తెలిసిపోతుంది.

ఇందులో ఏం మునిగిందండీ అంటారు. అదే నాయిక కట్టుకున్నది మొదటి పేరాలో గద్వాల చీర, రెండో పేరాలో వెంకటగిరి అయితే మీరు ఊరుకుంటారా? ఎడిటర్‌గారికి ఉత్తరం రాయరూ! వంకాయ పులుసు పొయ్యి మీద పెట్టి బెండకాయ వేపుడు వడ్డిస్తే ఆ రచయిత్రికి వంట రాదని తేల్చేస్తాం. తుపాకీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం ఉదారంగా క్షమించేస్తాం. అది మన వస్తువు కాదని మన ధీమా. నేనుండే వైపు ఆ ధీమా అంతగా చెల్లదు. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి, గోదావరి వెంట దుమ్ముగూడెం, చర్ల దాకా వెళ్తే ఆ పైన ఛత్తీస్‌గఢ్ అడవి. ఆ దారిలో టీకొట్టు నడిపే ఆవిడకి కూడా ఏ తుపాకీ ఎవరి భుజాన వుంటుందో చూడగానే తెలుస్తుంది. సరదాకి నేర్చుకున్న చదువు కాదది.

ముందు రెండు ముక్కల్లో తేడా చెప్పేస్తాను. రివాల్వర్‌కి నడుము దగ్గర ఒక చక్రం వుంటుంది. అందులో అయిదో ఆరో గదులు, గదికొక తూటా. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా చక్రం ఒక గది తిరుగుతుంది. ఆటోమేటిక్ పిస్తోలుకి చక్రం వుండదు, తూటాలు పిడి లోపల ఒక పెట్టెలో బారుగా వుంటాయి. ఆ పెట్టెని మ్యాగజైన్ అంటారు. ఒకటి పేలగానే స్ప్రింగు రెండోదాన్ని పైకి తోస్తుంది. మన మ్యాగజైన్లు సీరియల్ నడిపే పద్ధతీ అదే కనక గుర్తుపెట్టుకోవడం తేలిక.

ఇది తెలిస్తే చాలు, సగం సస్పెన్స్ నవలల్లో సస్పెన్స్ పోతుంది. రివాల్వర్‌కి టిక్కుమని సేఫ్టీ క్యాచ్ తీసే విలన్లు మనకి వందలమంది వున్నారు. ఎక్కడో కొన్ని రకాలకి తప్ప రివాల్వర్‌కి సేఫ్టీ క్యాచ్ వుండదు. దానికి సైలెన్సర్ బిగించేవాళ్ళు ఇంకొందరు. చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నటి సందుంటుంది. చప్పుడంతా ఆ సందులోంచి బయటికొస్తుంది. రష్యావాళ్ళ నాగాంట్ లాంటి అరుదైన రకాన్ని మినహాయిస్తే, రివాల్వర్‌కి సైలెన్సర్ తగిలించడం చిల్లుకుండకి మూత పెట్టడమే. ఇక ఆరు గదుల చక్రంలోంచి పదకొండు తూటాలు పేల్చే హీరోల గురించి ఏమనగలం? అక్షయపాత్ర ద్రౌపదికే ఇచ్చారనుకున్నాం.

మన డిటెక్టివ్ రచయితల మీద నాకు చిన్నచూపు లేదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు, తరవాత మధుబాబుగారి షాడో, వీళ్ళు లేకపోతే రెండు మూడు తరాల తెలుగువాళ్ళకి నవల చదివే అలవాటే అయ్యేది కాదు. పైగా తుపాకీ దగ్గర తడబడ్డది మనవాళ్ళు మాత్రమే కాదు. కానన్ డాయల్ అంతటివాడు షెర్లాక్ హోమ్స్ చేత 'ఈలీ నెంబర్ టు' అనే పేరు చెప్పించాడు, అదేదో రివాల్వర్ అయినట్టు. ఈలీ అనేది తూటాలు చేసే కంపెనీ. అగాథా క్రిస్టీ ఆవిడ తెలివే వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి మందులగదిలో పనిచేసింది కనక విషాల్లో ఆవిడ్ని మించినవాళ్ళు లేరు. అందుకే వీలైనచోటల్లా పాత్రల్ని విషంతోనే పంపించేది.

అన్నిటికంటే ముచ్చటైన కథ ఇయాన్ ఫ్లెమింగ్‌ది. జేమ్స్‌బాండ్‌కి ఆయన మొదట ఇచ్చింది పాయింట్ ఇరవయ్యైదు బోరు బెరెట్టా, అరచేతిలో ఇమిడిపోయే పిస్తోలు. 1956లో జెఫ్రీ బూత్రాయిడ్ అనే పాఠకుడు, తుపాకుల పిచ్చి వున్న మనిషి, ఆయనకో ఉత్తరం రాశాడు. మీ హీరో అంతా బాగున్నాడుగానీ వాడి తుపాకీయే బాగులేదు, అది ఆడవాళ్ళ పిస్తోలు, అందులోనూ అంత మంచి ఆడవాళ్ళది కాదు అని దాని సారాంశం. ఫ్లెమింగ్ ఉక్రోషపడలేదు. సలహాలడిగాడు. 1958లో వచ్చిన 'డాక్టర్ నో' నవల్లో బాండ్ దగ్గర బెరెట్టా లాగేసుకుని వాల్థర్ పిపికె చేతికిచ్చే ఆయుధాల అధికారికి మేజర్ బూత్రాయిడ్ అని పేరు పెట్టి బాకీ తీర్చుకున్నాడు. అక్కడా చిన్న పొరపాటు దొర్లింది. ఆ పాఠకుడు సూచించిన తోలు ఒర రివాల్వర్ కోసం చేసింది, ఫ్లెమింగ్ దాంట్లో పిస్తోలు పెట్టాడు. మళ్ళీ ఉత్తరాలు రాసుకునే ఉంటారు.

నన్ను పట్టుకున్నది ఆ 'ఆడవాళ్ళ పిస్తోలు' అన్న మాట. గురి చూసి కాల్చే అలవాటున్నవాళ్ళు ఎప్పుడూ చులకన చేసే రకం ఏదంటే అదే. చిన్నది, తేలికది, పొట్టి గొట్టం వున్నది. వాళ్ళ విసుగుకి కారణం వుంది. తుపాకీ ఎంత తేలికైతే పేల్చినప్పుడు అంతగా వెనక్కి తంతుంది. గొట్టం ఎంత పొట్టిదైతే గురి అంతగా చెదురుతుంది. అంటే ఎప్పుడూ తుపాకీ పట్టనివాళ్ళకి పనికొస్తుందని అంటగట్టే రకం నిజానికి బాగా చెయ్యి తిరిగినవాళ్ళకే లొంగుతుంది. ఈ తిరకాసు నేను చదివిన ఏ తెలుగు నవల్లోనూ కనబడలేదు. కనబడివుంటే ఎన్ని సన్నివేశాలు పండేవి! వణికే చేతుల్తో ఆమె ట్రిగ్గర్ నొక్కింది, తూటా సూటిగా అతని గుండెల్లోకి దూసుకుపోయింది అని రాసేస్తాం. వణికే చేతుల్తో అలాంటి పిస్తోలు పేలిస్తే దూసుకుపోయేది గోడమీది కాలెండర్లోకి.

కథలవాళ్ళనే అనుకోనక్కర్లేదు. 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని ఒక రివాల్వర్ విడుదల చేసింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తరవాత, మహిళల ఆత్మరక్షణ కోసమని. టైటానియం లోహం కలిపి చేసింది, 500 గ్రాముల బరువు, పాయింట్ ముప్ఫైరెండు బోరు, ఆరు తూటాలు. ధర 1,22,360 రూపాయలు. దాన్ని పెట్టి ఇచ్చిన పెట్టె ముదురు ఎరుపు రంగులో నగల పెట్టెలా వుంది. మన సీరియల్ నాయిక హ్యాండ్‌బ్యాగుని చూసే ఆ పెట్టె తయారుచేశారని నా అనుమానం. రాత్రి డ్యూటీ నర్సు, బీడీలు చుట్టే ఆమె, కల్లాల దగ్గర్నించి చీకటిపడ్డాక నడిచొచ్చే కూలీ మనిషి, వీళ్ళలో లక్షా ఇరవైవేలు ఎవరి దగ్గరుంటాయి? వున్నా లైసెన్సు ఎవరిస్తారు? ఆ రోజుల్లో మహిళా సంఘాలవాళ్ళూ ఈ ప్రశ్నలే అడిగారు. వాటికి నేను చేర్చేది ఒకటే: ఆడదానికి చేసేదేదైనా చిన్నగా, తేలిగ్గా, ముద్దుగా వుండాలన్న ఆ లెక్క ఎవరిది?

ఎందుకంటే నిజంగా పిస్తోలు పట్టే ఆడపిల్లల్ని చూడండి. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళ వయసులో, మనూ భాకర్, హీనా సిద్ధూలని దాటి పది మీటర్ల ఎయిర్ పిస్తోలులో జాతీయ విజేత అయింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఇరవయ్యైదు మీటర్ల పిస్తోలు పోటీలో నిలబడింది. ఆ పోటీకి వాడే పిస్తోలు 1,400 గ్రాముల దాకా వుండొచ్చని నిబంధన. అంటే నిర్భీక్‌కి దాదాపు మూడింతలు. గురి కావలసినవాళ్ళు తేలిక కోసం పాకులాడరు. బరువే చేతిని కుదురుగా నిలబెడుతుంది. రోట్లో పచ్చడి నూరినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తేలికపాటి పొత్రం ఎవరైనా కోరుకుంటారా?

ఇష్టాలు ఒక్కచోట నిలవ్వు కూడా. మా అమ్మకి కత్తిపీట లేనిదే కూర తెగదు, మా అమ్మాయి దాన్ని చూస్తేనే భయపడుతుంది, చాకుతో చకచకా తరుగుతుంది. తుపాకుల చరిత్రంతా ఈ అత్తాకోడళ్ళ తగాదాయే. మొదటి యుద్ధంలో బ్రిటిష్ అఫీసర్ల నడుముకి వేలాడింది పాయింట్ నాలుగయిదయిదు బోరు వెబ్లీ రివాల్వర్, కిలో పైచిలుకు బరువు. తొందరగా తర్ఫీదు ఇచ్చిన కుర్రాళ్ళు దాని తన్ను తట్టుకోలేకపోతున్నారని 1932లో పాయింట్ ముప్ఫైఎనిమిది ఎన్‌ఫీల్డ్ తెచ్చారు. టాంకుల్లో ఎక్కి దిగేటప్పుడు దాని సుత్తి కొక్కెం తగులుకుంటోందని 1938లో ఆ కొక్కెం కాస్తా కోసేశారు. దాంతో సుత్తిని ముందుగా బొటనవేలితో వెనక్కి లాగే వీలు పోయింది, ప్రతిసారీ బండలాంటి ట్రిగ్గర్‌ని చివరంటా నొక్కాలి. గురి చూసేవాళ్ళు దాన్ని తిట్టినన్ని తిట్లు మరే రివాల్వర్నీ తిట్టివుండరు. అమెరికా వాళ్ళ కథ దీనికి తిరగేసి. ఫిలిప్పీన్స్ యుద్ధంలో పాయింట్ ముప్ఫైఎనిమిది చాలడంలేదని గోలపెట్టి 1911లో పాయింట్ నలభయ్యైదు పిస్తోలుకి వెళ్ళారు, డెబ్భై ఏళ్ళు దాన్నే దేవుడిలా కొలిచారు. 1985లో దాని బదులు సైన్యానికిచ్చింది ఎవరి పిస్తోలో తెలుసా? బెరెట్టా వాళ్ళది! పెద్దది, తొమ్మిది మిల్లీమీటర్లదేగానీ, బూత్రాయిడ్ వెక్కిరించిన ఆ కంపెనీదే. ఇక ఆస్ట్రియా సైన్యం 1982లో ప్లాస్టిక్ ఒంటి గ్లాక్‌ని తీసుకున్నప్పుడు ఇనుము అలవాటైన పెద్దలు బొమ్మ తుపాకీ అని నవ్వారు. ఇప్పుడు ఎన్నో దేశాల పోలీసులు దాని చుట్టూ తిరుగుతున్నారు. స్టీలు గిన్నెలొచ్చినప్పుడు మన ఇళ్ళల్లో ఇత్తడి పెద్దలన్న మాటలు గుర్తొస్తున్నాయా?

మన దేశంలో ఈ ఇష్టాయిష్టాలకి చట్టం ఒక గీత గీసింది. 1959 ఆయుధాల చట్టం కింద సైన్యం, పోలీసులు వాడే బోర్లు మామూలు మనిషి దగ్గర వుండకూడదు. అందుకే లైసెన్సు వున్న పెద్దమనుషుల బీరువాల్లో వుండేది ఎక్కువగా పాయింట్ ముప్ఫైరెండు. అది చాలదని వాళ్ళు సణుగుతూనే వుంటారు. సణుగుడుకి లైసెన్సు అక్కర్లేదు. మన నవలల్లో కాలేజీ లెక్చరర్ల దగ్గర కూడా తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోళ్ళు వుంటాయి, అది వేరే సంగతి.

సినిమా ఈ పని ఇంకా జోరుగా చేసింది. 1966లో 'గూఢచారి 116', 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' కృష్ణగారి చేతికి తుపాకీ ఇచ్చాయి. విజయలలితగారి చేతికి 1970లో 'రౌడీ రాణి', ఆ మరుసటి ఏడు 'రివాల్వర్ రాణి' ఇచ్చాయి. ఆ రెండో జాబితాని విమర్శకులు ఎప్పుడూ చిన్నబుచ్చుతూనే వచ్చారు. నాకు మాత్రం విజయలలిత చేతిలో రివాల్వర్ మన నవలల్లో హ్యాండ్‌బ్యాగు పిస్తోలుకన్నా నిజాయితీగా కనిపిస్తుంది. ఆమె దాన్ని దాచుకోదు, పట్టుకుని వణకదు, పని కాగానే హీరో భుజం మీద వాలి జారవిడవదు. పనిముట్టుని పనిముట్టులా వాడుతుంది.

ఇప్పుడు మా అడవికి వస్తాను. నా అసలు ఫిర్యాదు ఇక్కడుంది.

అడవిలో పిస్తోలుకి పనిలేదు. భద్రాచలం ఏజెన్సీలో కోయవాళ్ళు భూమి పండుగ వేటకి పట్టుకెళ్ళేది విల్లూ బాణాలూ. తుపాకీ అంటే బర్మారు. గొట్టం మూతి నించి మందు పోసి, రవ్వలు వేసి, కడ్డీతో కూరి పేల్చేది. ఒకసారి పేలిస్తే మళ్ళీ కూరుకునేదాకా కర్రతో సమానం. వానకి మందు చెమ్మగిల్లితే అదీ లేదు. పేలితే జంతువులన్నీ చెదిరిపోతాయి, ఫారెస్టు గార్డుకి వినబడుతుంది. విల్లుకి ఈ బాధలేవీ లేవు. 1972 వన్యప్రాణి చట్టం తరవాత వేటే నేరమైంది కనక ఈ వాదన ఆచారాల్లో మిగిలింది. ఏమైనా వేటగాడి లెక్క ప్రకారం చేతి తుపాకీకి దూరం రాదు, అడవిపందిని నిలబెట్టలేదు. అది ఒక్కదానికే సరిపోతుంది: ఎదురుగా, దగ్గరగా నిలబడ్డ మనిషికి. అందుకే ఇక్కడ పిస్తోలు ఎప్పుడూ హోదా గుర్తు. ఎస్సై నడుముకి వుంటుంది, దళం నాయకుడి నడుముకి వుంటుంది. కానిస్టేబుల్ దగ్గరా, కొత్తగా దళంలో చేరిన పిల్ల దగ్గరా వుండేవి వేరే. పత్రికలో 'స్వాధీనం చేసుకున్న ఆయుధాలు' అని బల్లమీద పేర్చిన ఫోటో వేసినప్పుడు చూడండి. ఎస్సెల్లార్, త్రీనాట్‌త్రీ, నాలుగు బర్మార్లు, ఒక నాటు తపంచా. ఏ గూడెం పిల్ల ఏది మోసిందో ఆ వరస చూసి ఇక్కడివాళ్ళు చెప్పేస్తారు. అదే అడవి గురించి నగరంలో కూచుని రాసిన నవల్లో అందరి చేతుల్లోనూ ఒకే రకం తళతళలాడే తుపాకీ! పెద్దా చిన్నా, పైనా కిందా తేడాలన్నీ ఆ తళతళలో మాయమైపోతాయి. చచ్చిపోయిన పిల్ల దగ్గర వున్నది ఒకసారి పేలితే కర్రతో సమానమయ్యే బర్మారని రాయకపోతే, ఆ చావు గురించి ఏం రాసినట్టు?

పాత చరిత్రలోనూ ఇంతే. 1879 రంప పితూరీ ఆనాటి భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. ఆ తరవాత అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి పట్టుకెళ్ళింది 26 తుపాకులు, 2,500 తూటాలు. అంకె చిన్నది కావడమే ఆ కథ గొప్పతనం. 1974 సినిమా నించి ఈమధ్య 2022లో ప్రపంచమంతా తిరిగొచ్చిన 'ఆర్ఆర్ఆర్' దాకా తెరమీద తుపాకులు పెరుగుతూ పోయాయి. మన్యంలో రెండేళ్ళు ఇరవై ఆరు తుపాకుల్ని, వాటి తూటాల్ని లెక్కపెట్టుకుంటూ బతికినవాళ్ళ ఆదుర్దా మటుకు తగ్గిపోయింది.

ఆడవాళ్ళ చేతి తుపాకీ ఎలా వుంటుందో తెలుసుకోవాలంటే నవలలు కాదు, 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' చదవాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో తిరిగిన ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పుకున్నది. మల్లు స్వరాజ్యంగారు మా గుండాల అడవుల్లో కోయగూడేల మధ్య రాజక్క పేరుతో పనిచేశారు. ఆవిడ తలకి పదివేల రూపాయల వెల కట్టారు. 2022 మార్చిలో పోయారు. ఆవిడ ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. అందాకా మన రచయితలు తుపాకీని ఆడదాని అలంకారంగా రాస్తూ వచ్చారు, ఆవిడ దాన్ని తన మాటకి పోలికగా వాడుకుంది. ఆ పుస్తకాల్లో నన్ను కుదిపేసినవి కాల్పులు కావు. పోరాటం ఆగాక ఆయుధాలు అప్పజెప్పి, ఇక ఇంటికి వెళ్ళి పెళ్ళి చేసుకోండమ్మా అనిపించుకుని, మళ్ళీ పొయ్యిముందు కూచున్న ఆడవాళ్ళ పేజీలు. ఏ సస్పెన్స్ రచయితకీ ఆ సన్నివేశం తట్టలేదు.

ఆయుధం గురించి ఒక ఆడమనిషి చేసిన విమర్శ మా ప్రాంతానికి అంతకంటే పాతది కూడా వుంది. పర్ణశాలకి యాత్రలు వెళ్ళేవాళ్ళం బంగారులేడినీ, నారచీరలు ఆరేసిన రాళ్ళనీ తల్చుకుంటాంగానీ, అరణ్యకాండలో సీత చెప్పిన కథ మర్చిపోతాం. రాక్షసుల్ని చంపుతానని రాముడు మునులకి మాటిచ్చాక ఆవిడ ఊరుకోలేదు. ఒక తపస్వి దగ్గర ఇంద్రుడు సైనికుడి వేషంలో వచ్చి కత్తి దాచమని ఇచ్చి వెళ్ళాడట. సొమ్ము పోతుందేమోనని ఆ ముని కందమూలాలకి వెళ్ళినా కత్తి వెంటబెట్టుకునే వెళ్ళేవాడు. చేతిలో కత్తి వుండి వుండి మెల్లిగా మనసే మారిపోయింది, తపస్సు మాని క్రూరుడై నరకానికి పోయాడు. వైరం లేనివాళ్ళని చంపకు సుమా అని భర్తకి ఎంతో మర్యాదగా చెప్పింది. రాముడు మాట ఇచ్చాననే అన్నాడు, అది వేరే. మన నాయికల హ్యాండ్‌బ్యాగులో పిస్తోలు ఇరవైవారాలు పడుంటుంది. ఆ ఇరవైవారాల్లో ఆమె మనసు ఏమైనా మారిందా, పనిమనిషితో మాటాడే తీరు మారిందా, తలుపు చప్పుడైతే చెయ్యి ఎటు వెళ్తోంది? సీతకి తట్టిన ప్రశ్న మన సీరియళ్ళకి తట్టదు. ఆఖరివారం దాకా అది ఒక నగ, ఆఖరివారం ఒక చప్పుడు.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు పోలీసుస్టేషన్లో జమ చెయ్యమని ఆర్డర్లు వస్తాయి. బ్యాంకు కాపలావాళ్ళకీ కొద్దిమందికీ తప్ప మిగతావాళ్ళు రసీదు పుచ్చుకుని ఇచ్చి రావలసిందే. ఈమధ్య చదివిన ఒక సీరియల్లో పంచాయతీ ఎన్నికల పోలింగుకి ముందు రాత్రి, ప్రెసిడెంటుగారి భార్య భర్త లైసెన్సు రివాల్వర్‌తో, సేఫ్టీ క్యాచ్ తీసి మరీ, విలన్ని కాల్చేసింది. అప్పటికి ఆ రివాల్వర్ స్టేషన్ బీరువాలో వుండాలి. ఎస్సైగారు ఆ కేసు ఎలా రాసుకున్నారో పై వారం చూడాలి.